ఇంటర్ తర్వాత స్పెషల్ ఎడ్యుకేషనా, స్పీచ్ థెరపీనా? తెలిసినవాళ్లు చెప్పండి

తెనాలి నాన్న:

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. మా అన్నయ్య కొడుక్కి పుట్టుకతోనే వినికిడి లేదు, చిన్నప్పుడే కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) చేయించారు. వాణ్ని గుంటూరు థెరపీకి తీసుకెళ్లే పని చాలావరకు మా అమ్మాయే చూసుకునేది. అప్పటినుంచి తన మనసు ఈ రంగం మీదే ఉంది. నాకేమీ అభ్యంతరం లేదు. కానీ ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో కోర్సు పేరు చెబుతున్నారు. స్పీచ్, వినికిడి డిగ్రీ బీఏఎస్‌ఎల్‌పీ అని ఒకరు, స్పెషల్ డీఎడ్ అని ఒకరు, డిగ్రీ అయ్యాక స్పెషల్ బీఎడ్ అని ఇంకొకరు. మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ చాలన్నవాళ్లు కూడా ఉన్నారు. ఏ కోర్సు ఏ పనికి? ఎక్కడ చేరితే పని చేతికి వస్తుంది? కాస్త విడమరిచి చెప్పగలరా?

పాలమూరు టీచర్:

తెనాలి గారూ, నేను ప్రభుత్వ బడిలో ప్రత్యేక అవసరాల పిల్లలకు చెబుతాను. అంతకుముందు ఆ పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీగా, అంటే కాంట్రాక్టు రిసోర్స్ టీచర్‌గా చేశాను. మీరు చెప్పినవి రెండు వేర్వేరు ఉద్యోగాలకు దారులు. మాట, భాష, గొంతు, నత్తి, మింగడంలో ఇబ్బంది, ఇవన్నీ స్పీచ్ వాళ్ల పని. మన దేశంలో ఆ డిగ్రీలోనే ఆడియాలజీ కూడా కలిసి ఉంటుంది కాబట్టి వినికిడి పరీక్షలూ వాళ్లే చేస్తారు. చదువు, రోజువారీ పనులు, తోటి పిల్లలతో బడిలో కుదురుకోవడం స్పెషల్ టీచర్ల పని.

రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. 1992 చట్టంతో అధికారం వచ్చిన సంస్థ. చేరే కోర్సుకు దాని గుర్తింపు ఉండాలి, పాసయ్యాక దాని రిజిస్టర్‌లో పేరు ఎక్కాలి. దాన్ని సీఆర్‌ఆర్ నంబరు అంటాం. మూడు నెలల సర్టిఫికెట్‌తో ఆ నంబరు రాదు, అది మర్చిపోండి.

ఇంటర్ తర్వాత స్పెషల్ డీఎడ్ రెండేళ్లు. స్పెషల్ బీఎడ్‌కు డిగ్రీ ఉండాలి. నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సుల వైపు నిబంధనలు మారుతున్నాయి, అందుకని దరఖాస్తు పెట్టే ముందు ఆర్‌సీఐ సైట్‌లో ఈ ఏడాది సర్క్యులర్లు తప్పక చూడండి. మనకు దగ్గర్లో పెద్ద దిక్కు సికింద్రాబాద్ బోయినపల్లిలోని ఎన్‌ఐఈపీఐడీ, మేధోపరమైన వైకల్యాల జాతీయ సంస్థ. 1984లో ఎన్‌ఐఎంహెచ్ పేరుతో మొదలైంది, పాతవాళ్లు ఇప్పటికీ ఆ పేరే పలుకుతారు. మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల కోసం మనమంతా వాడే ఎఫ్‌ఏసీపీ చెక్‌లిస్టు, ఆటిజం తీవ్రతను కొలిచే ఐఎస్‌ఏఏ రెండూ అక్కడ తయారైనవే.

ఈ శిక్షణలో ఏం నేర్పుతారో ఒక చిన్న ఉదాహరణ. పిల్లాడికి చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పాలి. ముందు ఆ పనిని మెట్లుగా విడగొడతాం. అంచు పట్టుకోవడం, గుండీని రంధ్రం దగ్గరికి తేవడం, సగం దూర్చడం, రెండో చేత్తో లాగడం. ఒక్కో మెట్టు తనంతట తాను చేస్తున్నాడా, నోటితో చెబితే చేస్తున్నాడా, చెయ్యి పట్టుకుంటే చేస్తున్నాడా అని రాసుకుంటాం. చాలామంది పిల్లలకు చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పుతాం. అన్నీ మనం చేసి ఆఖరి లాగుడు వాడికి వదిలితే, పని పూర్తిచేసిన సంతోషం మొదటి రోజే వాడిదవుతుంది. పుస్తకంలో ఇది అర పేజీ కూడా ఉండదు. పిల్లాడి పక్కన కూర్చుని, పైనుంచి గైడ్ చూస్తుండగా పదే పదే చేస్తేనే వస్తుంది. అందుకే కోర్సు పేరు కంటే అక్కడ ప్రాక్టికల్ ఎలా నడుస్తుందో చూడమని చెబుతాను.

స్వరపేటిక:

నేను ఆడియాలజిస్ట్ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్ట్‌ని, హైదరాబాద్. టీచర్ గారు చెప్పినదానికి స్పీచ్ వైపు సంగతి కలుపుతాను.

బీఏఎస్‌ఎల్‌పీ మూడేళ్ల తరగతులు, ఆపైన ఇంటర్న్‌షిప్. బైపీసీతో పాటు ఎంపీసీ వాళ్లకూ అర్హత ఉంది. మొదటి ఏడాది శరీర నిర్మాణం, నాడీ వ్యవస్థ, ధ్వని శాస్త్రం, భాషాశాస్త్రం, మనస్తత్వ శాస్త్రం గట్టిగా చెబుతారు. తర్వాత ఉచ్చారణ దోషాలు, నత్తి, గొంతు సమస్యలు, పక్షవాతం తర్వాత మాట పోవడం, మింగుడు ఇబ్బందులు. ఇంకో పక్క ఆడియోమెట్రీ, బెరా, ఓఏఈ లాంటి వినికిడి పరీక్షలు, హియరింగ్ ఎయిడ్ అమర్చడం, చెవికి అచ్చు తీయడం. ఇది పిల్లల థెరపీ ఒక్కటే అనుకుని చేరేవాళ్లు ఎక్కువ. స్ట్రోక్ వచ్చిన పెద్దాయనకు భార్య పేరు మళ్లీ నోట పలికించడం, తరగతిలో అరిచి అరిచి గొంతులో కాయలు కట్టిన టీచరమ్మకు గొంతు వాడుక నేర్పడం, ఇవీ మా పనే.

మైసూరులో ఐష్, అంటే ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్, 1965లో మొదలైంది, ఈ చదువుకు దేశంలో పెద్దపేరు అదే. ముంబైలోని అలీ యావర్ జంగ్ సంస్థ 1983 నాటిది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఆవరణలోనే ఉంది. (అలీ యావర్ జంగ్ ఒకప్పుడు మన ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్. ఆయన పేరున్న సంస్థ మన ఊళ్లోనూ పిల్లలకు వినికిడి పరీక్షలు చేస్తోందంటే నాకు ఇష్టంగా ఉంటుంది.)

మీ అన్నయ్యగారి బాబు సంగతి చదివాక ఒక మాట. ఇంప్లాంట్ ఆరోగ్యశ్రీలో ఉంది, వైకల్యం ఉన్నవాళ్లకు పరికరాలిచ్చే కేంద్రం ఏడిప్ పథకంలోనూ ఉంది. ఆపరేషన్ కొన్ని గంటల్లో అయిపోతుంది. ఆ తర్వాత మెదడు ఆ శబ్దాలను మాటలుగా పోల్చుకోవడం నెలలు, ఏళ్లు పట్టే పని. అది ఆడిటరీ వెర్బల్ థెరపీలో జరుగుతుంది, ఆ థెరపీ చేయగల మనుషులు కావాలి. జిల్లాల్లో కొరత అక్కడే ఉంది. మీ అమ్మాయి ఆ గదిలో కూర్చుని చూసింది కాబట్టి, తను ఎందుకు చేరాలనుకుంటోందో నాకు బాగా అర్థమైంది.

తెనాలి నాన్న:

మేడమ్, సార్, ఇద్దరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మాకు దగ్గర్లో ఒక కాలేజీ వాళ్లు ఫోన్ చేసి సీటు ఖాయం, అటెండెన్స్ టెన్షన్ వద్దు, ప్రాక్టికల్ రికార్డు వాళ్లే ఇస్తారు అన్నారు. ఫీజు కూడా తక్కువే. దాన్ని నమ్మొచ్చా?

పాలమూరు టీచర్:

రికార్డు వాళ్లే ఇస్తారంటే మీ అమ్మాయి పిల్లల్ని చూడకుండానే పాసవుతుందని అర్థం. వద్దండి.

ఓరుగల్లు అమ్మ:

నేను టీచర్‌ను కాదు, థెరపిస్ట్‌ను కాదు. ఆటిజం ఉన్న పిల్లాడి తల్లిని. ఆ అటెండెన్స్ మాట చదివాక ఊరుకోలేకపోయాను.

అలా చదివినవాళ్లు చివరికి వచ్చి కూర్చునేది మా పిల్లల ఎదురుగానే. మా ఊళ్లో ఒక సెంటర్‌లో వాడికి స్పీచ్ థెరపీ ఇప్పించాం. ముప్పావుగంట సెషన్. తలుపు వేసేసి మమ్మల్ని బయట కూర్చోబెట్టేవారు. లోపల ఏం చేశారని అడిగితే ‘కోఆపరేట్ చేశాడు’ అని ఒక్క ముక్క. ఫ్లాష్ కార్డు చూపించి ‘యాపిల్’ అనమనేవారట. మా ఇంట్లో యాపిల్ పండగకు కూడా రాదు. వాడికి కావాల్సింది ‘నీళ్లు’, ‘వద్దు’, ‘నొప్పి’. కడుపునొప్పి అని చెప్పలేక తల గోడకు కొట్టుకునేవాడు. తర్వాత తెలిసింది, ఆ సెంటర్‌లో థెరపీ ఇచ్చిన అమ్మాయి దగ్గర ఉన్నది ఏదో స్వల్పకాలిక సర్టిఫికెట్ అని.

ఇప్పుడు వెళుతున్న మేడమ్ మొదటి రోజే మా ఇద్దర్నీ లోపల కూర్చోబెట్టారు. వంటింట్లో ఏం జరుగుతుంది, స్నానం ఎవరు చేయిస్తారు, నాన్నమ్మ ఏమని పిలుస్తుంది, అన్నీ అడిగారు. నాలుగు బొమ్మల అట్ట ఒకటి చేసి ఇచ్చారు. నీళ్లు కావాలంటే ఆ బొమ్మ తీసి నా చేతిలో పెట్టాలి. వాడు మొదటిసారి ‘నొప్పి’ బొమ్మ తీసి ఇచ్చిన రోజు మా ఆయన ఏడ్చేశారు. ఆ తర్వాతే నోటిమాట కూడా మెల్లగా మొదలైంది. బొమ్మలిస్తే మాట రాదని భయపెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు.

కాలేజీల వాళ్లకు నాది ఒకటే విన్నపం. తల్లిదండ్రులకు నేర్పడం ఎలాగో కూడా మీ విద్యార్థులకు నేర్పండి, దానికీ మార్కులు పెట్టండి. థెరపిస్ట్ వారంలో రెండు మూడు గంటలు ఉంటారు. మిగతా గంటలన్నీ మావే.

స్వరపేటిక:

అమ్మా, మీరు రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా నేను కాదనను. బొమ్మలు, సైగలు, ట్యాబ్ వాడితే మాట ఆగిపోతుందన్నది తప్పు, దాన్ని బలపరిచే ఆధారం లేదు. తనకు కావాల్సింది తెలియజెప్పే దారి దొరికిన పిల్లలు నోటిమాట వైపు రావడానికే ఎక్కువ అవకాశం ఉంది.

చట్టం మాట కూడా చెబుతాను. ఆర్‌సీఐ రిజిస్టర్‌లో పేరు లేకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని 13వ సెక్షన్ చెబుతోంది. వెయ్యి రూపాయల జరిమానాకు ఎవరు భయపడతారు? అందుకే తల్లిదండ్రులే సీఆర్‌ఆర్ నంబరు అడగాలి. నిజంగా చదువుకున్నవాళ్లు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

డల్లాస్ తెలుగు:

ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఎస్‌ఎల్‌పీగా, అంటే స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్ట్‌గా చేస్తున్నాను. మన దగ్గర బీఏఎస్‌ఎల్‌పీ చేసి మాస్టర్స్‌కు వచ్చాను. అమ్మాయి ముందుముందు ఇటు రావాలనుకుంటే తెలిసి ఉండటం మంచిదని రాస్తున్నాను.

అమెరికాలో ఎస్‌ఎల్‌పీ అవ్వాలంటే మాస్టర్స్ ఉండాలి. ఇక్కడి స్పీచ్, హియరింగ్ నిపుణుల సంఘం ఆశా ఇచ్చే సర్టిఫికెట్ కోసం 400 గంటల క్లినికల్ పని లెక్క చూపాలి. అందులో 25 గంటలు పరిశీలన, 375 నేరుగా మనుషులతో. తర్వాత ప్రాక్సిస్ పరీక్ష, ఆపైన కనీసం 36 వారాలు, 1,260 గంటల క్లినికల్ ఫెలోషిప్. ఆడియాలజీ ఇక్కడ పూర్తిగా వేరు, దానికి ఏయూడీ అనే డాక్టరేట్ చేయాలి. మన దగ్గర రెండూ కలిపి చదివింది నాకు ఎంతో ఉపయోగపడింది. పిల్లాడి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫు) చేతికి వస్తే ఎవరి సాయం లేకుండా చదవగలను. ఇక్కడ 1975 చట్టం పుణ్యమా అని ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రతి ప్రభుత్వ బడీ ఐఈపీ, అంటే ఆ పిల్లాడికే తగిన చదువు ప్రణాళిక, రాయాల్సిందే. ఆ మీటింగ్‌లో స్పెషల్ టీచర్, నేను, తల్లిదండ్రులు ఒకే బల్ల దగ్గర కూర్చుంటాం. మన కాలేజీల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ వాళ్లను, స్పీచ్ వాళ్లను చదువుకునే రోజుల్లోనే ఇలా కలిపి కూర్చోబెడితే బాగుండేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇంకో విషయం. ఇక్కడ మన తెలుగువాళ్లు పిల్లాడికి మాట ఆలస్యమైతే వెంటనే ఇంట్లో తెలుగు ఆపేస్తారు. డేకేర్ వాళ్లు చెప్పారనో, పక్కింటివాళ్లు చెప్పారనో. రెండు భాషలు వినడం వల్ల భాషా లోపం రాదు. నిజంగా లోపం ఉంటే అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. తెలుగు ఆపేస్తే పిల్లాడికి పోయేది అమ్మమ్మతో మాట్లాడే అవకాశం. ఊరినుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చిన పెద్దావిడ మనవడితో ఒక్క ముక్క మాట్లాడలేక టీవీ ముందు కూర్చోవడం ఎన్ని ఇళ్లలో చూశానో. సలహా ఇచ్చేవాళ్లకు ఇది యూనివర్సిటీలోనే నేర్పాలి.

అచ్చులూ హల్లులూ:

భాషాశాస్త్రం చదువుతున్నాను, స్పీచ్ పాథాలజీ స్నేహితులతో కలిసి తెలుగు పిల్లల మాటలు రికార్డు చేసి రాస్తుంటాను. తెలుగులో ఈ శిక్షణ ఎందుకు వేరుగా ఉండాలో రెండు మూడు విషయాలు చెబుతాను.

ఇంగ్లీషు ఉచ్చారణ పరీక్షల్లో ఒక్కో హల్లును మాట మొదట్లో, మధ్యలో, చివర్లో పలికించి చూస్తారు. తెలుగు అజంత భాష. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. చివర్లో ‘క్’, ‘ట్’ పలికే తెలుగు మాట ఎక్కడ దొరుకుతుంది? దానికి బదులు మనకు చూడాల్సినవి ద్విత్వాలు. అక్క, అత్త, అమ్మ, అన్నం. ఒత్తు నిలపగలుగుతున్నాడా లేదా అన్నది తెలుగు పిల్లాడి విషయంలో చాలా చెబుతుంది.

రెండోది, వాక్యం పొడవు. పిల్లాడు ఎన్ని పదాలు కలిపి మాట్లాడుతున్నాడో లెక్కపెట్టి భాష ఎదుగుదలను అంచనా వేస్తారు. ‘రాలేకపోతున్నాను’ అన్న పిల్లాడు పలికింది ఒకే పదం. రావడం, చేతకాకపోవడం, ఇప్పుడు జరుగుతుండటం, నేను, అన్నీ అందులోనే ఉన్నాయి. పదాలు లెక్కపెట్టేవాళ్లు వాడికి ఒకటి వేస్తారు. ప్రత్యయాలు విడదీసి లెక్కపెట్టడం వచ్చినవాళ్లకు ఆ పిల్లాడు ఎంత ముందున్నాడో తెలుస్తుంది.

మూడోది ఇంకా ముఖ్యం. తెలంగాణ పిల్లాడు ‘నేను వస్తున్న’ అంటాడు. కోస్తా తెలుగో, పుస్తకాల తెలుగో మాత్రమే తెలిసినవారు ‘ను’ వదిలేశాడని లోపం కింద రాసేస్తారు. వాడి ఇంట్లో అందరూ అలాగే మాట్లాడతారు. అది వాడి భాష. అలాగే మహాప్రాణాలు. భోజనం, ఘనం అని ఒత్తి పలికే పెద్దవాళ్లే మన ఇళ్లలో తక్కువ. పిల్లాడు ‘బోజనం’ అంటే థెరపీ ఎందుకు?

పాలమూరు టీచర్:

తమ్ముడూ, ఆ ‘వస్తున్న’ సంగతి మా జిల్లాలో నా కళ్లముందే జరిగింది. బీఎడ్ సిలబస్‌లో ఎక్కువ పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి, ఉదాహరణలూ ఇంగ్లీషువే. డిస్లెక్సియా (చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బంది) అంటే ‘బి’, ‘డి’ తారుమారు అని చదువుకుని వస్తారు. మన బడిలో పిల్లాడు తడబడేది గుణింతాల దగ్గర, ఒత్తుల దగ్గర, ‘మ’, ‘య’ లాంటి పోలిక అక్షరాల దగ్గర. అది కనిపెట్టడం ఎవరూ నేర్పలేదు, బడిలో పిల్లల దగ్గరే నేర్చుకున్నాం.

అనంత అభ్యర్థి:

నాదొక సందేహం. నేను మామూలు బీఎడ్ చేశాను. తెలంగాణ 2024 డీఎస్సీలో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు ఇచ్చారు. ఆంధ్రలో 2025లో 2,260 పోస్టులు మంజూరు చేశారు. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో దూరవిద్యలో స్పెషల్ బీఎడ్ రెండున్నరేళ్లు ఉంది. ప్రైవేటు స్కూల్లో పనిచేస్తూ అది చేయొచ్చా? మా ఫ్రెండ్స్ చాలామంది ఇదే ఆలోచనలో ఉన్నారు.

ఓరుగల్లు అమ్మ:

బాబూ, పోస్టులున్నాయని రావద్దు. దయచేసి.

అనంత అభ్యర్థి:

అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ ఉద్యోగం కోసం కాకుండా ఎవరు చదువుతారు చెప్పండి? మా నాన్న వేరుశనగ రైతు. నాకు జీతం కావాలి. జీతం కావాలనుకున్నంత మాత్రాన పిల్లలకు సరిగా చెప్పననుకోవద్దు.

పాలమూరు టీచర్:

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ పోస్టులు ఊరికే రాలేదు. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని చెప్పింది. దానికోసం ఏళ్ల తరబడి కొట్లాడినవాళ్లున్నారు. కాంట్రాక్టు మీద, పండగ నెలలో కూడా జీతం అందక, ఇంటింటికీ తిరిగి పిల్లల్ని వెతికిన ఐఈఆర్‌పీలు వేలమంది. ఆ పోస్టులకు జనం రావాలి, మంచి జీతమూ ఉండాలి.

దూరవిద్య గురించి అడిగావు. నాకు తెలిసి దూరవిద్యలో చదివి గొప్పగా చెబుతున్నవాళ్లు ఉన్నారు. వాళ్లందరూ ఏదో ఒక స్పెషల్ స్కూల్లో పనిచేస్తూ చదివినవాళ్లే. నువ్వు ఏ స్టడీ సెంటర్ ఎంచుకుంటావో దానికి అనుబంధంగా స్పెషల్ స్కూలు ఉందా, ప్రాక్టికల్ వారాల్లో నీ స్కూలు సెలవు ఇస్తుందా, ఈ రెండూ చూసుకో. ఇంకో చిక్కు. బీఎడ్‌లో ఒక వైకల్యమే ప్రత్యేక సబ్జెక్టుగా తీసుకుంటాం. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నువ్వు వినికిడి సబ్జెక్టు చదివి వెళితే మండలంలో నీకు ఎదురయ్యేది సెరిబ్రల్ పాల్సీ పిల్లాడు కావచ్చు, చూపు లేని అమ్మాయి కావచ్చు. వీలైనన్ని రకాల పిల్లల దగ్గర చదువుకునే రోజుల్లోనే కూర్చో, తమ్ముడూ.

చేతిభాష:

మా అమ్మానాన్నలిద్దరూ బధిరులు. నాకు మొదట వచ్చిన భాష సైగల భాష. ఇక్కడ అందరూ మాట తెప్పించడం గురించే రాశారు, సంతోషమే. ఇంప్లాంట్ లేనివాళ్లు, ఉన్నా మాట అందనివాళ్లు ఉంటారు. హెచ్‌ఐ, అంటే వినికిడి లోపం సబ్జెక్టుతో బీఎడ్ చేసి వచ్చిన టీచర్‌కు పిల్లలు సైగ చేస్తే అర్థం కాని తరగతులు నేను చూశాను. ఢిల్లీలో ఐఎస్‌ఎల్‌ఆర్‌టీసీ, అంటే భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం, 2015లో వచ్చింది. వాళ్ల భారతీయ సైగల భాష నిఘంటువు 2018లో మూడు వేల పదాలతో మొదలై 2021కి పది వేలకు చేరింది, వీడియోలు ఉచితం. తెనాలి గారి అమ్మాయి ఏ కోర్సులో చేరినా మొదటి ఏడాదిలోనే ఇది మొదలుపెడితే మంచిది. వీడియోలతో సరిపెట్టుకోకుండా బధిరుల సంఘం సమావేశానికి వెళ్లి కూర్చోవాలి. మావాళ్లు ఎంతో ఓపికగా నేర్పుతారు.

తెనాలి నాన్న:

అన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. ఓరుగల్లు అక్కయ్య రాసింది తనే రెండోసారి తీసుకుని చదువుకుంది. బీఏఎస్‌ఎల్‌పీకే దరఖాస్తు చేస్తానంటోంది. మొదట సికింద్రాబాద్, మైసూరు పరీక్షలు రాస్తుంది. రాకపోతే వేరే గుర్తింపు ఉన్న కాలేజీలు చూస్తాం. ఫోన్ చేసిన కాలేజీకి వద్దని చెప్పేశాం. వచ్చే వారం సికింద్రాబాద్ వెళ్లి ఒకసారి చూసి వద్దామనుకుంటున్నాం. కాలేజీకి వెళ్లినప్పుడు ఏం అడగాలి?

స్వరపేటిక:

మంగళవారమో బుధవారమో ఉదయం వెళ్లండి, ఓపీ రద్దీగా ఉంటుంది. విద్యార్థులు కేసు చూస్తున్నప్పుడు పక్కన సూపర్‌వైజర్ ఉంటున్నారా, చివర్లో వచ్చి సంతకం పెట్టి వెళ్తున్నారా అన్నది అక్కడి రెండో ఏడాది పిల్లల్ని అడిగితే చెప్పేస్తారు. రోజుకు ఎంతమంది పేషెంట్లు వస్తారు, పెద్దవాళ్ల కేసులు దొరుకుతాయా, ఇంటర్న్‌షిప్‌కు ఏ ఆసుపత్రికి, ఏ బడికి పంపుతారు, వినికిడి పరీక్షలకు బయటి శబ్దం రాకుండా కట్టిన సౌండ్ ట్రీటెడ్ గది పనిచేస్తోందా అని అడగండి. తెలుగులో ఉన్న పరీక్షల కిట్లు చూపించమనండి. హాల్లో కూర్చున్న తల్లిదండ్రులతోనూ కాసేపు మాట్లాడండి.

వేరే కాలేజీ ఏదైనా చూసేటట్లయితే ఆర్‌సీఐ సైట్‌లో ఆ కాలేజీ పేరు పక్కన గుర్తింపు ఏ ఏడాది వరకు ఉందో చూసి, ఆ పేజీ ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి.

పాలమూరు టీచర్:

ఎన్‌ఐఈపీఐడీ ఆవరణలోనే స్పెషల్ స్కూలు కూడా ఉంది. అనుమతి ఇస్తే అమ్మాయిని ఒక పూట అక్కడ కూర్చోనివ్వండి. రెండు పనులూ చూసినట్టవుతుంది. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి ఆటోలో మనోవికాస్ నగర్ అని చెబితే చాలు.